చెర్కాఫ్‌స్కి 35 గోల్స్: ఓడే జట్టులో కొట్టినవి లెక్కలోకి రావా?

నీలిగీత:
పోలండ్‌లో ఐస్ హాకీ నేర్చుకుని ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్లిన తొలి ఆటగాడు మారియుష్ చెర్కాఫ్‌స్కి. 745 మ్యాచ్‌లు, 215 గోల్స్. కాదనను. కానీ 35 కొట్టిన 1999-2000లో న్యూయార్క్ ఐలాండర్స్ 82 మ్యాచ్‌ల్లో గెలిచింది 24. మరుసటి ఏడు ఆయనవి 30, జట్టు గెలుపులు 21. వేరే దిక్కులేని జట్టులో పవర్‌ప్లే (అవతలి జట్టు పెనాల్టీతో ఒకరు తక్కువైన సమయం) ఆయన స్టిక్ చుట్టూనే తిరుగుతుంది. 2001లో యాషిన్, పెకా అనే పేరున్న ఆటగాళ్లు జట్టులోకి వచ్చారు. జట్టు ప్లేఆఫ్స్‌కి (కప్పు కోసం సీజన్ చివర ఆడే పోటీలకి) వెళ్లింది, ఈయన 22కి దిగాడు. ప్లేఆఫ్స్‌లో మొత్తం 42 మ్యాచ్‌లకి 8 గోల్సే.

కుడిరెక్క:
వేరే దిక్కులేకపోతే పని తేలికవుతుందా? అవతలి కోచ్ తన మేటి డిఫెన్స్ జంటను ఎవరి మీదికి వదలాలో ఆలోచించే పనే లేదు. పైగా గోల్స్ కరువున్న రోజులవి. లీగ్‌లో పాయింట్ల (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి) మొనగాడు యాగర్‌కే 96.

నీలిగీత:
యాగర్ ఆ ఏడు ఆడింది 63 మ్యాచ్‌లేనండీ. ఆ పోలిక చెల్లదు.

కుడిరెక్క:
సరే, అది వెనక్కి తీసుకుంటా. 70 పాయింట్లు, ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఎంపిక మాత్రం ఉన్నాయిగా.

మంచుపలక:
ఇద్దరూ అంకెలే చూస్తున్నారు. చెర్కాఫ్‌స్కి స్టిక్ బ్లేడ్‌ని ఎడమవైపు పెట్టి ఆడేవాడు, నిలబడింది మాత్రం కుడి వింగ్‌లో. అవతలి జోన్‌లో ఇది వరం: మధ్య నుంచి వచ్చే పాస్ నేరుగా ఫోర్‌హ్యాండ్ మీదికి వస్తుంది, పక్‌ని (ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) ఆపకుండానే కొట్టొచ్చు. సొంత జోన్‌లో అదే శాపం. కుడి బోర్డుల (మైదానం అంచు గోడల) వెంట వచ్చే పక్‌ని బ్యాక్‌హ్యాండ్‌తో అందుకోవాలి, లేదా ఒళ్లు తిప్పాలి. ఆ అర క్షణంలో అవతలి డిఫెన్స్‌మన్ మీద పడతాడు, పక్ పోతుంది. అందుకే ఇలాంటివాణ్ణి పై లైన్లో (మేటి ఫార్వర్డ్‌ల బృందంలో), పవర్‌ప్లేలో వాడాలి. మూడో లైన్లో పడేస్తే లోపాలే మిగులుతాయి. 2002-03లో మాంట్రియల్‌లో 43 మ్యాచ్‌లకి 5 గోల్స్, మళ్లీ ఐలాండర్స్‌కి రాగానే 25. మనిషి ఒక్కడే, వాడకం వేరు.

తిఖి_అభిమాని:
కప్పు గురించి ఎవరూ మాట్లాడరేం? పోలండ్‌కే చెందిన క్షిష్టోఫ్ ఒలీవా పేరు 2000లో న్యూజెర్సీ డెవిల్స్‌తో ఎన్‌హెచ్‌ఎల్ విజేతల స్టాన్లీ కప్ మీదికెక్కింది. (క్ష అక్షరమున్న మనకి ఆ పేరు పలకడం నల్లేరు మీద నడక.)

మంచుపలక:
పేరుందండీ, కానీ ఆ ప్లేఆఫ్స్‌లో ఆయన ఒక్క మ్యాచ్ ఆడలేదు. రెగ్యులర్ సీజన్‌లో జట్టు మ్యాచ్‌ల్లో సగం ఆడితే పేరు చెక్కుతారు. ఒలీవా మొత్తం 410 మ్యాచ్‌లు, 17 గోల్స్, 1,447 పెనాల్టీ నిమిషాలు (తప్పు చేసి బయట కూర్చున్న సమయం). ఆ నిమిషాల్నీ తీసిపారేయొద్దు: రెండు జట్ల నుంచి చెరొకరు గ్లవ్స్ విసిరి కొట్టుకుంటే చెరో 5 నిమిషాలు బయట, మంచు మీద సంఖ్య సమానమే. కయ్యం మొదలెట్టినవాడని రిఫరీ తేలిస్తే అదనంగా 2 నిమిషాలు, ఆపైన 10. ఆ 2 నిమిషాలు జట్టు ఒకరు తక్కువతో ఆడాలి. అక్కడే మ్యాచ్ చేజారేది.

నీలిగీత:
వాడకం మాట ఒప్పుకుంటా. కానీ 2001-02లో చెర్కాఫ్‌స్కి 82 మ్యాచ్‌లూ ఆడి 22 దగ్గర ఆగాడే, అప్పుడేమీ మూడో లైన్లోకి నెట్టేయలేదుగా?