బల్క్ డ్రగ్ యూనిట్‌లో అప్రెంటిస్‌లు: నాప్స్‌లోనా, నాట్స్‌లోనా?

పరవాడ_ప్లాంట్:
నమస్తే అండీ. మాది పరవాడ ఫార్మా సిటీలో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్. కాంట్రాక్టు వాళ్లతో కలిపి 200 మంది ఉంటాం. ప్రొడక్షన్‌కి ఐటీఐ పిల్లల్ని, క్యూసీకి (నాణ్యత పరీక్షల ల్యాబ్) బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లని అప్రెంటిస్‌లుగా పెట్టుకుందామని ఆలోచన. ఎంతమందిని తీసుకోవచ్చు, స్టైపెండ్‌లో ప్రభుత్వం ఎంత భరిస్తుంది? ఒకరు నాప్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్) అంటారు, ఇంకొకరు నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) అంటారు. డబ్బులు మధ్యలో ఆగిపోతాయని కూడా విన్నాం. ఎక్కడ ఆగుతాయో తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_హెచ్ఆర్:
అసలు "తీసుకోవచ్చా" అనే ప్రశ్నే లేదు సర్. 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థ అప్రెంటిస్‌లని పెట్టుకోవడం తప్పనిసరి. మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం. కాంట్రాక్టు లేబర్‌నీ కలిపే లెక్కేస్తారు. అంటే మీకు కనీసం 5, గరిష్ఠంగా 30. చాలా యూనిట్లు రోల్స్ మీద ఉన్నవాళ్లనే (సొంత ఉద్యోగులనే) లెక్కేసి తక్కువ చూపిస్తాయి, తనిఖీలో దొరికిపోయేది అక్కడే.

నాప్స్, నాట్స్ రెండూ 1961 అప్రెంటిస్ చట్టం కిందవే, శాఖలు వేరు. నాప్స్ స్కిల్ డెవలప్‌మెంట్ మంత్రిత్వ శాఖది. నాట్స్ విద్యా శాఖది, మన వైపు చెన్నైలోని దక్షిణ ప్రాంత బోర్డు చూస్తుంది.

ఇక డబ్బు సంగతి. 2019 రూల్స్ ప్రకారం నెలకి కనీస స్టైపెండ్ టెన్త్ వాళ్లకి 6,000, ఇంటర్, ఐటీఐ వాళ్లకి 7,000, డిప్లొమాకి 8,000, డిగ్రీకి 9,000 రూపాయలు. నాప్స్‌లో ప్రభుత్వం 25 శాతం ఇస్తుంది, కానీ 1,500 దాటదు. ఐటీఐ కుర్రాడికి 7,000లో పావు వంతు 1,750 అయినా వచ్చేది 1,500. మీ చేతి నుంచి 5,500. నాట్స్‌లో కనీస స్టైపెండ్‌లో సగం ఇస్తారు. బీఎస్సీ వాళ్లకి 9,000 అయితే అందులో 4,500 ప్రభుత్వానిది. అదే బీఎస్సీ అమ్మాయిని నాప్స్‌లో చేర్చారనుకోండి, 1,500తో సరి. ఒక్కో మనిషికి నెలకి 3,000 తేడా. కాబట్టి ఐటీఐ వాళ్లు నాప్స్‌లో, డిగ్రీ, డిప్లొమా వాళ్లు నాట్స్‌లో. రెండు పోర్టల్స్‌లోనూ కంపెనీ పేరు రిజిస్టర్ చేయించుకోవాలి, పని రెట్టింపే కానీ గిట్టుబాటు అవుతుంది.

ఈ స్టైపెండ్‌ని 36 శాతం పెంచమని 2025 మేలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది. కాంట్రాక్టు రాసే రోజు పోర్టల్‌లో కనబడే అంకెనే లెక్కలోకి తీసుకోండి. పీఎం ఇంటర్న్‌షిప్‌ని మాత్రం దీంతో కలపొద్దు, అది టాప్ 500 కంపెనీల వ్యవహారం.

పోర్టల్_పంతులు:
డబ్బులు ఆగేది ఎక్కువగా పేర్ల దగ్గర. మన పిల్లల టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క ఇనీషియలే ఉంటుంది, బ్యాంకులో ఇంటిపేరు చివర్లో ఉంటుంది. ప్రభుత్వ వాటా ఇప్పుడు కంపెనీకి కాకుండా నేరుగా అభ్యర్థి ఖాతాకే వెళ్తుంది కాబట్టి ఈ తేడాలన్నీ అడ్డం పడతాయి. ఆఫర్ లెటర్ ఇచ్చే ముందే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

రెండోది, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ అయితే చాలదు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే నమోదు) ఉండాలి. రెండు మూడు ఖాతాలున్న కుర్రాళ్లకి డబ్బు చివరగా మ్యాప్ అయిన ఖాతాలో పడుతుంది, వాళ్లేమో రాలేదని హెచ్ఆర్ చుట్టూ తిరుగుతారు.

కాంట్రాక్టు పోర్టల్‌లో అయ్యాకే ట్రైనింగ్ మొదలుపెట్టండి. ముందు చేర్పించేసి కాగితాలు తర్వాత చూద్దామంటే ఆ నెలల వాటా మీ నెత్తినే. ప్రతి నెలా మీ వాటా బ్యాంకు ద్వారా కట్టి, వివరాలు పోర్టల్‌లో ఎక్కిస్తేనే ప్రభుత్వ వాటా కదులుతుంది. చేతికి నగదు ఇస్తే ఇచ్చినట్టు కాదు.

అడ్రసు కూడా చూసుకోండి. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. పాత లైసెన్సుల్లో విశాఖపట్నం అనే ఉంటుంది. లైసెన్సులో ఒకటి, పోర్టల్‌లో ఒకటి ఉంటే వెరిఫికేషన్‌లో తిప్పి పంపుతారు.

ఇంకోటి, చట్టం కింద రిజిస్టరైన అప్రెంటిస్‌కి పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. అలవాటుగా వాళ్ల పేరు మీద కొత్త ఈఎస్ఐ నంబర్ తీసుకోకండి. కానీ గాయమైతే చట్ట ప్రకారం పరిహారం మీరే ఇవ్వాలి. దానికి విడిగా పాలసీ తీసుకోండి, మొదటి రోజు నుంచే అమల్లో ఉండేలా.

సాల్వెంట్_సేఫ్టీ:
డబ్బు లెక్కలు బాగున్నాయి. మరి ఆ ఏడాది వాళ్లకి ఏం నేర్పుతారు? చాలాచోట్ల ఐటీఐ కుర్రాడి చేత డ్రమ్ములు దొర్లించి సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన పేలుడులో 17 మంది పోయారు. ప్రమాదకర పరిశ్రమల ట్రేడ్‌లకి 18 ఏళ్లు నిండి ఉండాలని చట్టం ఊరికే పెట్టలేదు.

ప్రొడక్షన్ వాళ్లకి మొదటి నెల రియాక్టర్ వాల్వ్ ముట్టుకోనివ్వకండి. ముందు స్టాటిక్ (రాపిడితో పేరుకునే విద్యుత్తు) గురించి చెప్పండి. టోలుయిన్ అనే సాల్వెంట్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగల కనీస ఉష్ణోగ్రత) 4 డిగ్రీలు, అంటే విశాఖలో ఏ కాలంలోనైనా డ్రమ్ము మూత తీస్తే అంటుకునే ఆవిరి సిద్ధంగా ఉన్నట్టే. డ్రమ్ముకీ పాత్రకీ మధ్య బాండింగ్ (రెండింటినీ తీగతో కలపడం), ఆపైన ఎర్తింగ్. క్లాంప్ పెయింట్ మీద పెడితే పెట్టనట్టే, గీకి లోహం మీద పెట్టాలి. డిప్ పైప్ (పాత్ర అడుగుదాకా దిగే గొట్టం) చివర ద్రవంలో మునిగేదాకా ప్రవాహం సెకనుకి 1 మీటరు దాటకూడదు. పైనుంచి ధారగా పోస్తే చార్జ్ పేరుకుంటుంది. నైట్రోజన్ గురించి కూడా అప్పుడే చెప్పాలి: రంగూ వాసనా ఉండవు, పాత్రలో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే లోపలికి దిగే పర్మిట్ చేతిలో ఉన్నా లోపలికి దిగకూడదు.

క్యూసీ వాళ్లకి హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్‌లోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) మీద చేయి పెట్టే ముందు రికార్డు రాత నేర్పండి. తప్పు పడితే ఒకే గీత కొట్టి, సరైన అంకె పక్కన రాసి, సంతకం, తేదీ, కారణం. వైట్‌నర్ లేదు, దిద్దడం లేదు, పాస్‌వర్డ్ పంచుకోవడం అసలే లేదు. తర్వాత ఆ యంత్రంలోని కాలమ్ (విడదీసే గొట్టం) కడగడం: ఫాస్ఫేట్ బఫర్ (ఉప్పు కలిపిన ద్రావణం) నడిపాక నేరుగా మిథనాల్ ఎక్కిస్తే ఉప్పు లోపలే గడ్డకట్టి ప్రెషర్ పెరిగిపోతుంది. ముందు నీళ్లు ఎక్కువగా ఉన్న మిశ్రమంతో కడగాలి. కొత్తవాళ్ల చేతిలో కాలమ్స్ పోయేది ఎక్కువగా ఇలాగే.

ఇవన్నీ ట్రైనింగ్ రికార్డులో ఎక్కించండి. సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీ నాణ్యత నిబంధనలు) కిందా అవే అడుగుతారు.

పరవాడ_ప్లాంట్:
చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. మేం 9,000 బదులు 12,000 ఇస్తే ప్రభుత్వ వాటా పెరుగుతుందా? షట్‌డౌన్ (మరమ్మతులకి ప్లాంట్ ఆపే) సమయంలో ఓటీ (ఓవర్‌టైమ్) చేయించుకోవచ్చా?

గాజువాక_హెచ్ఆర్:
పెరగదు సర్. నాట్స్‌లో సగం లెక్క కనీస స్టైపెండ్ మీదే, అదనం మొత్తం మీరే భరించాలి. అయినా ఇవ్వండి. 9,000కి బీఎస్సీ వాళ్లు నిలవరు, పక్క యూనిట్ రెండు వేలు ఎక్కువంటే వెళ్లిపోతారు.

ఓటీ మాత్రం వద్దు. అప్రెంటిస్ చట్టం సెక్షన్ 15 ప్రకారం అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ చట్టాన్ని అమలు చేసే ప్రభుత్వ అధికారి) అనుమతి కావాలి, అదీ శిక్షణకి పనికొస్తుందని లేదా ప్రజా ప్రయోజనం ఉందని ఆయన నమ్మితేనే. షట్‌డౌన్‌లో మనుషులు చాలడం లేదన్నది అందులోకి రాదు.