“ఒక్కచోటే ఖండించాలి” అనాల్నా, “ఒకటికి మించి ఖండించకూడదు” అనాల్నా?

ప్రశ్న (హనుమకొండ): ఇంటర్ మొదటి ఏడాది ప్రమేయాల (ఫంక్షన్ల) పాఠానికి తెలుగులో నోట్సు రాస్తున్నం. గ్రాఫ్ ప్రమేయానిదేనా అని తేల్చే నిలువు గీత పరీక్షను “ప్రతి నిలువు గీత గ్రాఫ్‌ను ఒక్కచోటే ఖండించాలి” అని రాస్తే సరిపోతదా? అడ్డగీత పరీక్షకు కూడా ఇదే వాక్యం పెట్టొచ్చా?

జవాబు (వరంగల్): సరిపోదు సార్. ఆ లెక్కన వై = √ఎక్స్ ప్రమేయమే కాకుండ పోతది. ఎక్స్ = −4 దగ్గర నిలువు గీత గీయండి, గ్రాఫ్‌కు తగలనే తగలదు. −4 ప్రదేశంలో, అంటే ఎక్స్ తీసుకోగల విలువల్లో, లేదు కాబట్టి తగలకపోవడంలో తప్పు లేదు. “ఏ నిలువు గీతా గ్రాఫ్‌ను ఒకటికి మించిన బిందువుల్లో ఖండించకూడదు” అని రాయండి. ఎక్స్² + వై² = 25 వృత్తం ఇక్కడ ఆగిపోతది: ఎక్స్ = 3 గీత మీద వై = 4, వై = −4 రెండూ ఉన్నయి.

అడ్డగీత దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలె. ఏ అడ్డగీతా ఒకటికి మించి తగలకపోతే అన్వేకం (వన్-వన్). సహప్రదేశంలోని, అంటే వై కోసం ముందే ఎంచుకున్న సమితిలోని, ప్రతి వై దగ్గర కనీసం ఒక్కచోట తగిలితే సంగ్రస్తం (ఆన్‌టు). ప్రతి వై దగ్గర సరిగ్గా ఒక్కచోట తగిలితే ద్విగుణం (బైజెక్షన్), విలోమం, అంటే వై నుంచి ఎక్స్‌కు వెనక్కి తెచ్చే ప్రమేయం, ఉండేది దానికే. మీ “ఒక్కచోటే” ఈ చివరిదానికి మాత్రమే అతుకుతది. వై = 2 ఘాతం ఎక్స్ తీసుకోండి. వై = −2 గీత దానికి తగలదు, అయినా అది అన్వేకమే. సహప్రదేశం వాస్తవ సంఖ్యలన్నీ అంటే సంగ్రస్తం కాదు. ధన వాస్తవ సంఖ్యలే అంటే ద్విగుణం, విలోమం 2 ఆధారంగా సంవర్గమానం (లాగ్). గ్రాఫ్‌లో ఒక్క చుక్క కూడా మారలేదు! అందుకే సహప్రదేశం చెప్పకుండ “విలోమం ఉందా” అని అడిగితే ప్రశ్నే అసంపూర్తి.

జవాబు (కరీంనగర్): “ఏ” అన్న అక్షరం ఎట్టి పరిస్థితుల్లో వదలొద్దు. పిల్లలు ఒక్క గీత గీసి తీర్పు చెప్తరు. వై = ఎక్స్³ − ఎక్స్ మీద వై = 6 గీస్తే ఎక్స్ = 2 దగ్గర ఒక్కచోటే తగుల్తది. అన్వేకం అని రాసేస్తరు. వై = 0 గీస్తే −1, 0, 1 మూడు చోట్ల తగుల్తది. కాదని చెప్పడానికి ఒక్క గీత చాలు, ఔనని చెప్పడానికి అన్ని గీతలూ కావాలె. పేరు మాత్రం “అడ్డగీత” అనే ఉంచండి. గళ్లనుడికట్టు నింపేవాళ్లకు అడ్డం, నిలువు వేరే చెప్పాల్సిన పనిలేదు.

ప్రశ్న (హనుమకొండ): మరి వై = ఎక్స్² కు విలోమం లేదని రాయాల్నా?

జవాబు (వరంగల్): ప్రదేశం వాస్తవ సంఖ్యలన్నీ అయితే లేదు. వై = 4 గీత 2, −2 రెండిట్ల తగుల్తది. సహప్రదేశాన్ని సున్నా, ధన సంఖ్యలకు పరిమితం చేసి, పరావలయం కుడి సగమే ఉంచితే విలోమం √ఎక్స్, ఎడమ సగమే ఉంచితే −√ఎక్స్. ఏ సగమో ముందే రాయాలె. గ్రాఫ్‌ను వై = ఎక్స్ రేఖలో ప్రతిబింబించి చూపండి, అడ్డగీతలు నిలువు గీతలైతయి. మూల గ్రాఫ్ మీద అడ్డగీత పరీక్ష అంటే తిప్పిన గ్రాఫ్ మీద నిలువు గీత పరీక్షే. ఇంకోటి, విలోమాన్ని వ్యుత్క్రమంతో కలపొద్దు. 2ఎక్స్ + 3 కు విలోమం (ఎక్స్ − 3)/2, వ్యుత్క్రమం 1/(2ఎక్స్ + 3).