హెబ్రీ అనే పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న (గుంటూరు చదువరి):
తెలుగు బైబిలులో ఆదికాండము 14:13లో అబ్రామును (తర్వాత అబ్రాహాము) హెబ్రీయుడని పిలిచారు. ఆ మాటకు "నది దాటినవాడు" అనే అర్థం ఉందని కొందరూ, అబ్రాము పూర్వీకుడైన ఏబెరు వంశస్థుడని మరికొందరూ చెబుతున్నారు. ఇజ్రాయెల్‌లో ఆ భాషను ఇవ్రిత్ అంటుండగా మనకు హకారంతో "హెబ్రీ" ఎలా వచ్చిందో కూడా తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (శబ్దశోధన):
ముందు ఉచ్చారణ సంగతి. మూలపదం "ఇవ్రీ". దాని మొదటి అక్షరం గొంతులోంచి పలికే "అయిన్". అది హకారం కాదు. హెబ్రీకి దగ్గరి బంధువైన అరమాయికు భాషలోని రూపాన్ని గ్రీకులు "హెబ్రాయోస్" అని పలికారు, లాటిను దాన్ని అందుకుంది, యూరపు భాషల మీదుగా హకారం మనదాకా వచ్చింది.

అర్థానికి వస్తే, అ-బ-ర ధాతువుకు దాటడమని అర్థం. యెహోషువ 24లో అబ్రాహాము పితరులు నది అద్దరిన, అంటే యూఫ్రటీసు అవతలి ఒడ్డున, ఉండేవారని ఉంది. మీరు చెప్పిన వచనాన్ని ప్రాచీన గ్రీకు అనువాదకులు కూడా ఈ భావంతోనే "దాటి వచ్చినవాడు" అని అనువదించారు. ఏబెరు వాదంలో వ్యాకరణం సరిపోతుంది, ఎందుకంటే చివరి ఈకారం మోయాబీ (మోయాబువాడు) వంటి పదాల్లో లాగా వంశాన్నో ఊరినో సూచిస్తుంది. అయితే నోవహు కొడుకు షేముకు మునిమనుమడైన ఏబెరుకు యొక్తాను అనే కుమారుడూ ఉన్నాడు. అరేబియా తెగలకు మూలపురుషుడైన అతని సంతతిని బైబిలు ఎక్కడా హెబ్రీయులని పిలవదు.

సమాధానం (పాతశాసనం):
1887లో ఈజిప్టులోని అమర్నాలో దొరికిన మట్టిపలకలను కూడా చూడాలి. క్రీ.పూ. 14వ శతాబ్దంలో యెరూషలేము పాలకుడు అబ్ది-హేబా, హబీరులు రాజుగారి భూములను కాజేస్తున్నారని ఫరోకు మొరపెట్టుకున్నాడు. ఈ పేరు దొరకగానే పండితులు కొందరు వీరే హెబ్రీయులని సంబరపడ్డారు. కానీ మెసొపొటేమియా నుంచి అనతోలియా దాకా హబీరులు కనిపిస్తారు. ఉత్తర మెసొపొటేమియా నగరమైన నూజిలో దొరికిన పత్రాల్లో వారు తిండికీ గుడ్డకూ ఒప్పుకొని ఇళ్లల్లో సేవకు కుదిరారు, మరికొన్ని చోట్ల కూలిసైనికులు, దోపిడీగాళ్లు. అంటే అది జాతిపేరు కాదు, ఊరూ వంశమూ వదిలి బతికే జనానికి పెట్టిన పేరు. పైగా ఈజిప్టు రాతల్లోనూ, సిరియా తీరంలోని ప్రాచీన నగరం ఉగరితు రాతల్లోనూ ఆ పదంలో బకారానికి బదులు పకారం ఉంది. అందువల్ల రెండూ ఒకటేనని తేల్చి చెప్పడం తొందరపాటు అవుతుంది.

సమాధానం (శబ్దశోధన):
హబీరుల విషయంలో నాదీ అదే అభిప్రాయం. బైబిలులో ఈ పదం ఎవరి నోట వస్తుందో గమనిస్తే మరికొంత తెలుస్తుంది. యోసేపు మీద నింద వేసిన పోతీఫరు భార్య అతణ్ని హెబ్రీయుడంటుంది, యుద్ధభూమిలో ఫిలిష్తీయులు ఇశ్రాయేలీయులను అలాగే పిలుస్తారు, యోనా పరదేశి నావికులకు తన్ను తాను అలా పరిచయం చేసుకుంటాడు. హెబ్రీ దాసుని గురించిన చట్టం వంటి మినహాయింపులు ఉన్నా, ఇది ఎక్కువగా బయటివాళ్లు వాడిన, లేదా బయటివాళ్ల ముందు వాడిన పేరు. తమలో తాము మాత్రం ఇశ్రాయేలీయులనే అనుకునేవారు. వారి భాషకు కూడా బైబిలులో ఈ పేరు లేదు: యెషయా 19లో అది కనాను భాష, 36లో యూదుల భాష. క్రీ.పూ. 2వ శతాబ్ది చివర, యూదు రచయిత బెన్ సీరా రాసిన జ్ఞానగ్రంథానికి ఆయన మనుమడు గ్రీకులో రాసిన ముందుమాటలో భాషను హెబ్రీ అనడం కనిపిస్తుంది.