అప్‌డేట్: మాంటెనెగ్రో పెర్పెర్ నోటు మీది ముద్ర

1914 నాటి నా మాంటెనెగ్రో నోటు మీద జర్మన్ అక్షరాల ముద్ర ఎందుకుందని, ఎవరైనా తర్వాత వేసిన దొంగముద్ర ఏమోనని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

రాజు నికోలా పాలించిన ఆ చిన్న రాజ్యం మొదటి ప్రపంచయుద్ధం మొదలైన ఏడాది విడుదల చేసిన ఈ పెర్పెర్ (అప్పటి మాంటెనెగ్రో కరెన్సీ) నోట్లను, 1916 జనవరిలో దేశాన్ని ఆక్రమించిన ఆస్ట్రియా-హంగరీ సైన్యం వెంటనే రద్దు చేయకుండా, జిల్లాల వారీగా సైనిక కార్యాలయాల ముద్రలు వేయించి చలామణీలో ఉంచింది. భూతద్దంతో చూస్తే నా నోటు మీద ‘చెటీన్యే’ అన్న పేరు స్పష్టంగా చదవగలిగాను. అది అప్పటి రాజధాని పేరే. పైగా ముద్ర సిరా మడతగీత లోపలికి కూడా ఇంకి ఉంది, అంటే ముద్ర పడేనాటికే ఈ నోటు ఎవరి జేబులోనో నలిగి ఉండాలి. ఆ ముద్ర, ఆ మడత కూడా నోటు చరిత్రలో భాగమే, అందుకే దీన్ని శుభ్రం చేయించే ఆలోచన పూర్తిగా మానుకున్నాను.