షేర్ ఆటో పిలుపులతో సౌండ్ ఆర్ట్: లూప్ చేస్తే పాటలా మారింది, కాసేపటికే విసుగొచ్చింది, ఎందుకు?

కందుకూరు_మైక్‌సెట్టు

అందరికీ నమస్కారం. మాది కందుకూరు. (2022లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు కూడా మా పనులన్నీ ఒంగోలు వైపే.) పెళ్ళిళ్ళకీ తిరణాళ్ళకీ మైకులు కడతాను. కూరగాయల ఆటోలకీ పాత ఇనుము వాళ్ళకీ గొంతు రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను. "పాత కూలర్లు, విరిగిన కుర్చీలు కొంటాం" అని మా వీధుల్లో తిరిగే గొంతు నాదే.

సింగరాయకొండ స్టేషన్‌కి పోయే ఆటోల దగ్గర ఒక పెద్దాయన జనాన్ని పిలుస్తుంటాడు. "సింగరాయకొండ" అని ఒక్కసారే పూర్తిగా అంటాడు. ఆ తర్వాత అంతా "కొండా కొండ కొండ కొండో". మూడో కొండ దగ్గర గొంతు పైకి లేస్తుంది. బస్సు వచ్చేలా ఉంటే వేగం పెంచుతాడు. ఎవరన్నా సంచి పట్టుకుని ఇటు చూస్తే ఊరి పేరు వదిలేసి "రామ్మా, ఒక్క సీటే" అంటాడు. ఆ ఆటోలో నిజంగా ఒక్క సీటే ఉండటం నేనైతే ఎప్పుడూ చూళ్ళేదు.

ఆయన్నడిగే రికార్డు చేశా. ఆడాసిటీలో (కంప్యూటర్‌లో ఆడియో కత్తిరించే సాఫ్ట్‌వేర్) ఒక ముక్క కత్తిరించి, అదే మళ్ళీ మళ్ళీ మోగేలా లూప్ పెడితే రొంతసేపటికి మాట పోయి రాగం మిగిలింది. ఇంకాసేపటికి నా పాత ఇనుము పెన్‌డ్రైవ్ విన్నంత విసుగొచ్చింది. ఆయన నోటి నుంచి పొద్దస్తమానం విన్నా విసుగు రాదు. తేడా ఎక్కడుంది? సౌండ్ ఆర్ట్, అంటే శబ్దాలతోనే కళ, చేసేవాళ్ళు దీన్ని ఎట్టా చేస్తారు? కింద డప్పు వేసి రీమిక్స్ కొట్టమనేవాళ్ళు దయచేసి దూరంగా ఉండండి.

పెన్నా_గట్టు

మీకు వినపడిన రాగం గురించి పరిశోధనే జరిగింది. మనం సంగీతాన్ని ఎలా వింటామో పరిశోధించే డయానా డాయిచ్ అనే ఆవిడ 1995లో తన గొంతు రికార్డింగును సరిచేసుకుంటుంటే ఒక చిన్న ముక్క లూప్‌లో మోగుతూ పాటలా మారిపోయింది. శబ్దం ఏమీ మారదు, మార్పంతా వినేవాళ్ళ బుర్రలోనే. తర్వాత ఆవిడ పరీక్షించి చూస్తే, ప్రతిసారీ శ్రుతిని కాస్త పైకో కిందికో జరిపి వినిపించినప్పుడు జనానికి అది మాటలాగే వినపడింది. మీ పెద్దాయన చేసేది కూడా అదే కదా, రెండుసార్లు ఒకేలా అనడు. అందుకే ఆయన నోట అది పిలుపుగానే ఉంటోంది.

అమెరికా సంగీతకారుడు స్టీవ్ రైక్ 1965లో చేసిన 'ఇట్స్ గోనా రెయిన్' వినండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో వీధిలో ప్రసంగించే ఒక పాస్టర్ గొంతు అది. ఒకే ముక్కను రెండు టేప్ రికార్డర్లలో పెడితే రెండూ ఒకదాన్నించి ఒకటి కొంచెం కొంచెంగా తప్పుకుంటూ పోయాయి. మీరూ చేయొచ్చు. "కొండ కొండ" ముక్క సరిగ్గా 2 సెకన్లు ఉండేలా కత్తిరించి ఎడమ స్పీకర్‌కి ఇవ్వండి. రెండో కాపీ చివర కాస్త ఖాళీ పెట్టి 2.02 సెకన్లు చేసి కుడి స్పీకర్‌కి ఇవ్వండి. రెండూ విడిపోయి మళ్ళీ కలవడానికి సుమారు 3 నిమిషాల 22 సెకన్లు పడుతుంది. మధ్యలో ఆయన అనని మాటలు కూడా వినపడతాయి.

బుచ్చి_రైస్‌మిల్లు

అన్నా, స్పీకర్ మోత మళ్ళీ మైకులోకి దూరి కూత పెట్టడం నీకు తెలియంది కాదు. ఆల్విన్ లూసియర్ అనే అమెరికా సంగీతకారుడు 1969లో దాదాపు ఆ సూత్రంతోనే ఒక పని చేశాడు. గదిలో కూర్చుని నాలుగు మాటలు చదివి రికార్డు చేశాడు. దాన్ని అదే గదిలో మోగించి మళ్ళీ రికార్డు, దాన్ని మోగించి మళ్ళీ రికార్డు. ఆ గది కొలతలకి సరిపడే స్వరాలు ప్రతిసారీ బలపడి, చివరికి మాటలు కరిగిపోయి మోత మిగిలింది. ఆయనకి నత్తి ఉంది, చివర్లో అదీ కలిసిపోయింది. మా మిల్లు గోడౌను బస్తాలు లేనప్పుడు భలే మోగుతుంది. కావాలంటే స్పీకర్ తీసుకుని రా.

టంగుటూరు_అమ్మాయి

ఇద్దరూ బాగానే చెప్పారు గానీ, అన్నా, ఆ "రామ్మా, ఒక్క సీటే" మాత్రం కత్తిరించొద్దు, గోడౌన్లో కరిగించొద్దు. అది మనిషిని చూసి అన్న మాట. లూప్ మధ్యలో ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు వదిలెయ్. మా నాన్న పొగాకు బేళ్ళు వేసుకుని వేలం కేంద్రానికి పోయేవాడు. అప్పట్లో ధర నోటితోనే పాడేవాళ్ళంట, కొనేవాళ్ళు వరసల వెంట నడిచేవాళ్ళంట. ఇప్పుడు చేతిలో మిషన్ నొక్కుతున్నారు. నాన్న ఆ గొంతును ఇంట్లో అనుకరించి నవ్వించేవాడు, దాన్ని కూడా మేం రికార్డు చేసుకోలేదు. ఇంతకీ పెద్దాయనకి ఏమన్నా ఇచ్చావా?

కందుకూరు_మైక్‌సెట్టు

టంగుటూరు చెల్లెమ్మా, నా పాత ఇనుము గొంతుకి ఎంత తీసుకుంటానో అంతా ఇచ్చా. బేరమాడలేదు.

2.02 చేశా. ముందు రెండు స్తంభాలకి కట్టిన గొట్టం మైకుల్లాగా ప్రతిధ్వని వచ్చింది. తర్వాత "డకో డకో" అని ఎవరో పరిగెత్తినట్టుంది. సీటు మాట సరిగ్గా ఆడ పెట్టా. పెద్దాయనకి ఇయర్‌ఫోన్ పెట్టి వినిపిస్తే, "ఇంతమంది పిలిస్తే ఆటో ఎప్పుడో నిండేది" అన్నాడు. పేరు వేయమన్నాడు, ఆటో నంబరు కూడా వేయమన్నాడు.

బుచ్చి తమ్ముడూ, ఆదివారం వస్తా. మిల్లు ఆడకుండా ఉంటుందా?

బుచ్చి_రైస్‌మిల్లు

పొద్దున ఆడదు. ఫైలు ముందే పంపు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోవచ్చు, డాక్యుమెంట్‌గా పంపు.