పాత వీడియోల పేర్లు మార్చాలా, ఉన్నవి ఉన్నట్టే వదిలేయాలా?

మల్కాజిగిరి బాబు
అందరికీ నమస్తే. మా ఇంట్లో 4 టీబీ డిస్కు ఒకటి ఉంది. పాత ల్యాప్‌టాప్‌లోవి, ఫోన్లలోవి, సీడీల్లోవి అన్నీ పదేళ్లుగా అందులోనే కుమ్మరిస్తూ వచ్చాను. మొన్న లెక్కపెడితే 2,300 పైచిలుకు వీడియోలు తేలాయి. ఒకదాని పేరు ఎంవీఐ_0417. ఇంకోటి విఐడి-20190412-డబ్ల్యూఏ0003. "పాప బర్త్‌డే ఫైనల్" అని ఒకటి, దాని పక్కనే "పాప బర్త్‌డే ఫైనల్ కొత్తది". ఇవిగాక నాన్న కొనుక్కున్న డీవీడీల నుంచి ఎక్కించుకున్న సినిమాలు ఓ నూటయాభై. టీవీలో అందరం చూద్దామని జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ పెడితే, తాతయ్య షష్టిపూర్తికి ఏదో పాత సినిమా పోస్టరు తగిలించింది. అమ్మ పొద్దస్తమానం నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు అసలు గొడవ. పేర్లన్నీ మార్చిపారేయాలని మా బావమరిది వాదన. వాదనతో ఆగినా బాగుండేది. ఆదివారం భోజనాలయ్యాక నేను కునుకు తీస్తుంటే, మా చెల్లి పెళ్లి ఫోల్డరు తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి, ఎఫ్2 నొక్కి, "పెళ్లి" అని టైపు చేసి ఎంటర్ కొట్టాడు. 412 ఫైళ్లు పెళ్లి (1) మొదలు పెళ్లి (412) దాకా అయిపోయాయి. వెంటనే కంట్రోల్ జెడ్ కొట్టి ఉంటే వెనక్కి వచ్చేవట. ఆయన కంప్యూటర్ ఆపేసి టీ తాగడానికి వెళ్లాడు.

మిగతావాటి జోలికి వెళ్లకముందే అడుగుతున్నాను. అసలు పేర్లు మార్చడం మంచిదేనా?

కోఠి క్యాసెట్
అన్నా, మీ బావమరిది తప్పు పేరు మార్చుడు కాదు, సూడకుంట మార్చుడు. మార్చాల్సిందే. ఎందుకో జెప్త.

నేను 2001 నుంచి చాన ఏండ్లు వీహెచ్ఎస్ క్యాసెట్లు సీడీల మీదికి ఎక్కిచ్చే పని చేసిన. వీసీడీల ఎవరి పెండ్లైనా ఫైలు పేరు ఒక్కటే: ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్ల ఏవీఎస్ఈక్యూ01.డాట్. ఒక్క సీడీల 74 నిమిషాలు, మహా అయితే 80. పెండ్లంటే మూడు సీడీలు. మూడింట్ల గదే పేరు. మనోళ్లు ఇంటికి పోయి మూడింటిని ఒక్క ఫోల్డర్ల కాపీ కొడుతరు. "ఆ పేరు ఆల్రెడీ ఉన్నది, రీప్లేస్ చెయ్యాల్నా" అని అడుగుతది. సదువకుంటనే ఎస్ కొడుతరు. ముహూర్తం పోతది, అప్పగింతలు మిగుల్తయి. ఆఖరికి నా మీదికే కొట్లాటకొచ్చిండ్రు, "నువ్వే సరిగ ఎక్కియ్యలే" అని.

సినిమాలకైతే సంవత్సరం రాయకుంటె నడవనే నడవది. దేవదాసు అని పెట్టినవనుకో. ఏ దేవదాసు? 1953ల నాగేశ్వర్రావుది, 1974ల కృష్ణది, 2006ల రామ్‌ది. పాపం సాఫ్ట్‌వేర్‌కు ఎట్ల దెలుస్తది? పేరు, పక్కన బ్రాకెట్ల సంవత్సరం, గదే పేరుతోని ఫోల్డరు. ప్లెక్స్ అయినా, జెల్లీఫిన్ అయినా, కోడి అయినా గిదే అడుగుతది. సబ్‌టైటిల్ ఫైలుంటే దాని పేరు గూడ సినిమా పేరుతోటే మొదలుగావాలె. వీడియో పేరొక్కటే మారిస్తె అది అనాథ అయితది.

సూచిక
కోఠి క్యాసెట్ గారు సినిమాల గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. సినిమాకు లోకమంతా ఒప్పుకున్న పేరు ఒకటుంటుంది. ఇంటి వీడియో అలా కాదు. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను కాబట్టి నా చూపు అటువైపే పోతుంది, ఏమీ అనుకోకండి.

విఐడి-20190412-డబ్ల్యూఏ0003 అన్న పేరు మీకు పిచ్చిగీతలా కనిపిస్తోంది. కానీ అది మూడు సంగతులు చెబుతోంది. వాట్సాప్‌లో వచ్చింది. 2019 ఏప్రిల్ 12న ఈ ఫోనుకు చేరింది. అంటే తీసింది అంతకుముందే ఎప్పుడో కావచ్చు, ఒరిజినల్ ఇంకెవరి దగ్గరో ఉండొచ్చు, ఇది నాణ్యత తగ్గిన కాపీ. "గోవా ట్రిప్" అని మార్చగానే ఈ మూడూ పోయాయి. రేపు అసలు కాపీ దొరికితే రెంటిలో ఏది ఉంచాలో ఎలా తెలుస్తుంది?

మేము పుస్తకం అట్ట మీద పేరు చెరిపి కొత్త పేరు రాయం. యాక్సెషన్ నంబరు, అంటే చేరిక వరస సంఖ్య, వేసి రిజిస్టరులో ఎక్కిస్తాం. మీరూ ఒక ఎక్సెల్ షీటు పెట్టండి బాబు గారూ. ఫైలు పేరు, ఎక్కడ తీసింది, ఎవరున్నారు. ఫైలును మాత్రం ముట్టుకోకండి.

రిమోట్ రాజ్యం
మేడం, మీరు చెప్పింది కాదనను. కానీ మా అత్తగారు ఎక్సెల్ షీటు తెరవరు. రిమోట్ పట్టుకుని కింద బాణం నొక్కుకుంటూ పోతారు, అంతే. ఆవిడకు తెలుగు తప్ప చదవడం రాదు. మావయ్యగారు పోయి నాలుగేళ్లయింది. ఆయన మాట్లాడుతున్న వీడియో ఒకటే ఉంది, 40 సెకన్లు, పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర. దాని పేరు ఎంవీఐ_1182. ఆవిడ చూడాలనుకున్న ప్రతిసారీ నన్నో, మా ఆయన్నో పిలవాల్సి వచ్చేది. "మావయ్య – కరివేపాకు" అని తెలుగులో మార్చాను. అప్పట్నుంచి నన్ను పిలవలేదు.

ఎవరు వెతుక్కుంటారో వాళ్ల భాషలో పేరుండాలి. ఇంగ్లీషులో పెడితే చక్కగా ఉంటుందనేది మన సోకు.

పెంగ్విన్ పంతులు
అక్కా, మీ మాట మనసుకు తగిలింది. కానీ ఫైలు పేరు తెలుగులో పెట్టడం మీద చేతులు కాల్చుకున్నవాణ్ని, కొంచెం వినండి.

ఒకటి. లైనక్స్‌లో మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్‌లలో పేరుకు 255 బైట్లే చోటు. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడు ఒక్కోటీ మూడు బైట్లు తింటుంది. "శ్రీ" అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం. లోపల శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. 12 బైట్లు. విండోస్‌లో హాయిగా ఉన్న పొడుగాటి పేరు నెట్‌వర్కు డిస్కు డబ్బా, అంటే నాస్‌లోకి కాపీ చేస్తే "పేరు మరీ పొడుగు" అని మొరాయిస్తుంది.

రెండోది ఇంకా దొంగది. నా దగ్గర "హైదరాబాద్" అని మూడు ఫోల్డర్లు పక్కపక్కనే కనిపించాయి. కంటికి తేడా లేదు. ఒకే చోట ఒకే పేరుతో మూడు ఎలా ఉంటాయని తల పట్టుకున్నాను. విప్పి చూస్తే, ఒకదాని చివర కనబడని విడదీత గుర్తు ఉంది. "హైదరాబాద్‌లో" అని టైపు చేసి "లో" చెరిపితే అది అక్కడే ఉండిపోతుంది. ఇంకోటి పాత మ్యాక్ నుంచి వచ్చింది. ఆ రోజుల మ్యాక్ డిస్కులు "హై"లోని ఐత్వాన్ని రెండు ముక్కలు చేసి దాచేవి. వెతికితే ఒకటి దొరుకుతుంది, రెండు దొరకవు.

అందుకే నేను ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, పక్కన ఎన్‌ఎఫ్‌ఓ అనే వివరాల టెక్స్ట్ ఫైల్లో తెలుగు పేరు రాస్తాను. జెల్లీఫిన్ దాన్ని చదివి టీవీ మీద తెలుగే చూపిస్తుంది.

బాబు గారూ, షష్టిపూర్తికి పోస్టరు పడిందంటే ఇంటి వీడియోలను సినిమాల లైబ్రరీలో పెట్టారన్నమాట. వాటికి హోం వీడియోల రకం విడిగా ఉంటుంది, అందులో పెట్టండి. అది ఇంటర్నెట్‌లో వెతకదు.

ఒక్కలైను
పెళ్లి (413) మీ బావమరిదిది చేయించండి, అప్పుడు గానీ పేరు విలువ తెలియదు.

కోఠి క్యాసెట్
పంతులన్నా, ఇంగ్లీషుల పెడితె స్పెల్లింగు దేవునికెరుక. లక్ష్మిని ఒకడు ఎక్స్ పెట్టి రాస్తడు, ఒకడు కేఎస్‌హెచ్ పెట్టి రాస్తడు. మా ఇంట్లనే నేనొక తీరు, నా కొడుకొక తీరు. వెతికితె సగమే దొరుకుతయ్. గిదేం బాగుపడ్డట్టు?

మల్కాజిగిరి బాబు
అప్‌డేట్. పేరు మార్చినా మోడిఫైడ్ తేదీ మారదని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. నిజమే, అది అలాగే ఉంది. క్రియేటెడ్ తేదీ మాత్రం పనికిరాదు, నేను డిస్కులోకి కాపీ చేసిన రోజు చూపిస్తోంది. ఇంకా గట్టిగా ఉంటుందని మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్ల లోపల రాసి ఉన్న రికార్డింగు సమయం తీసి, దాని ప్రకారం వరస పెట్టాను. 412 చక్కగా వరసలోకి వచ్చాయి.

కానీ మా చెల్లిని ముందు అత్తారింటికి పంపించేసి, తర్వాత జీలకర్రబెల్లం పెట్టించారు! ముహూర్తం రాత్రి 2.14కి. కెమెరాలో 2.14 అనే ఉంది. పొద్దున 6 గంటలకు అప్పగింతలు, మా పెదనాన్న కొడుకు ఫోనులో తీశాడు. అది 0.30 అంటోంది. ఫోను గడియారం చెడిపోయిందా?

పెంగ్విన్ పంతులు
గడియారం బాగానే ఉంది. ఎమ్‌పీ4 లోపల సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, రాయాలన్నది లెక్క. ఫోను లెక్క ప్రకారం రాసింది. మన సమయం 5 గంటల 30 నిమిషాలు ముందు, కాబట్టి పొద్దున 6 అక్కడ 0.30. కెమెరావాడి డబ్బాకు ఆ నియమం పట్టలేదు, తన గడియారంలో ఉన్నదే దించేసింది. ఫోనువాటన్నిటికీ ఐదున్నర గంటలు కలపండి, చెల్లాయి సమయానికే అత్తారింటికి వెళ్తుంది.

సూచిక
కలపండి, తప్పకుండా. అయితే 412లో ఫోనువి ఏవి, కెమెరావి ఏవి, ఎలా గుర్తుపడతారు? పాత పేర్లుంటే ఎంవీఐ అన్నవి కెమెరావి, విఐడి అన్నవి ఫోనువి అని ఒక్క చూపులో తేలిపోయేది. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే.

మల్కాజిగిరి బాబు
మేడం, నిన్న రాత్రి ఒంటిగంట దాకా ఒక్కోటీ తెరిచి చూసి విడదీశాను. ఇక మీమాట మీరకూడదనిపించింది.

ఒక సందేహం. తేదీ ఏది వేయాలి? శుభలేఖలో "గురువారం రాత్రి 2.14, తెల్లవారితే శుక్రవారం" అని ఉంది. కంప్యూటర్‌కు అర్ధరాత్రి దాటితే శుక్రవారమే. అమ్మ మాత్రం పెళ్లి గురువారం అంటే గురువారమే అంటోంది.

కోఠి క్యాసెట్
ఫైళ్లకు కంప్యూటర్ తేదీ, ఫోల్డర్‌కు అమ్మ చెప్పిన తేదీ. అమ్మతోని కొట్లాట పెట్టుకోకు. తేదీ రాసుడు గూడ సంవత్సరం, నెల, రోజు వరుసల రాయి. రోజు ముందుగాల రాస్తె జనవరి 15 పక్కకు ఆగస్టు 15 వచ్చి గూసుంటది.

మేడంకు గూడ ఒక మాట. పాత పేరు పారేయొద్దన్నరు గద? ముందర తేదీ, నడుమ మనం పిలుసుకునే పేరు, ఎనుక పాత పేరు. పవర్‌రీనేమ్ లాంటి పేర్లు మార్చే సాఫ్ట్‌వేర్ వాడితె మార్చకముందే పాతదీ కొత్తదీ పక్కపక్కన సూపెడతది, సూసి మరీ నొక్కొచ్చు. గిప్పుడు చెప్పుండ్రి.

సూచిక
పాత పేరు పూర్తిగా, ఒక్క అంకె కూడా పోకుండా ఉంటుందంటే నాకు అభ్యంతరం లేదు. మార్చే ముందు పేర్ల జాబితా కూడా ఒక టెక్స్ట్ ఫైల్లో దాచండి.

రిమోట్ రాజ్యం
అంత పొడుగు పేరు మా టీవీలో సగానికే తెగిపోతుంది. తేదీ కనిపించి "మావయ్య" కనిపించకపోతే ఏం లాభం? నేను మాత్రం ముందు మావయ్యే పెడతాను.

మల్కాజిగిరి బాబు
అక్కా, ఇంటి వీడియోల్లో మీ దారే పడదామనుకుంటున్నా. తేదీ ఫోల్డర్‌కు, పిలిచే పేరు ఫైలు ముందు, పాత పేరు చివర. తెలుగులోనే. పంతులు గారు తిట్టుకోవచ్చు గానీ, అమ్మానాన్నలు చదివేది తెలుగే. 255 బైట్లు దాటకుండా చూసుకుంటా.

ఆఖరిగా ఒకటి మిగిలింది. అమ్మానాన్నల పెళ్లి. కోఠి అన్న చెప్పినట్టే మూడు వీసీడీలు, మూడింట్లో అదే ఏవీఎస్ఈక్యూ01. తేదీ చూస్తే 2003, అంటే క్యాసెట్ నుంచి ఎక్కించిన రోజు. నాన్న 1988 అంటాడు. అమ్మ 1989 అంటుంది. శుభలేఖ సగం చెదలు తినేసింది. మిగిలిన ముక్కలో "విభవ నామ సంవత్సర మాఘ" అని మాత్రం ఉంది.

సూచిక
విభవ 1988 ఉగాదికి మొదలై 1989 ఉగాది దాకా ఉంది. అందులో మాఘమాసం వచ్చింది 1989 మొదట్లో. మీ అమ్మగారు చెప్పిందే వేయండి.

మల్కాజిగిరి బాబు
వేశాను. నాన్న ఇంకా వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు.