రెండు 6 టన్నుల స్లింగులతో 10 టన్నుల బ్లాకు లేపొచ్చా?

చీమకుర్తి_యార్డు:
కటింగ్ ఫ్యాక్టరీ యార్డులో గెలాక్సీ గ్రానైట్ బ్లాకు లారీ మీంచి దించాలి. కొలత 2.4 × 1.2 × 1.2 మీటర్లు, గ్యాంట్రీ క్రేన్ 20 టన్నులది. వైర్‌రోప్ స్లింగులు (బరువు లేపే ఇనుప తాళ్లు) రెండున్నాయి. ట్యాగు మీద డబ్ల్యుఎల్‌ఎల్ (మోయించదగ్గ గరిష్ఠ బరువు) 6 టన్నులు, సర్టిఫికెట్‌లో బ్రేకింగ్ లోడ్ 30 టన్నులు. చెరో చివర చోకర్ (తాడు ఉచ్చులా బిగుసుకునే కట్టు) వేస్తాం. ఆరూ ఆరూ పన్నెండు, చాలంటున్నారు మావాళ్లు. నిజమేనా?

రిగ్గర్_ముత్తుకూరు:
చాలవండి. 30 సంగతి మర్చిపోండి, అది తాడు తెగే బరువు. వైర్‌రోప్‌కి అందులో అయిదో వంతే డబ్ల్యుఎల్‌ఎల్. ఆ 6 కూడా స్లింగు నిట్టనిలువుగా వేలాడినప్పటి మాట.

గెలాక్సీ రాయి ఘనపు మీటరు సుమారు 3 టన్నులు. మీ బ్లాకు 10.4 టన్నులు తూగుతుంది. ఆ కొలత బిల్లులోని నెట్ (తరుగు తీసేసినది) అయితే రాయి ఇంకా పెద్దదే, గ్రాస్ కొలతతో లెక్కేయండి.

ఇక కోణం. స్లింగు కాలు (హుక్ నుంచి రాయి దాకా ఉన్న తాడు) నేలకి 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కో కాలి మీద 6 టన్నులు పడుతుంది. 45 అయితే 7.4. 30కి దిగితే 10.4, అంటే బ్లాకు మొత్తం ఒక్కో కాలూ మోస్తున్నట్టే. చోకర్ వేస్తే స్లింగు సత్తువ 80 శాతానికి పడిపోయి మీ 6 కాస్తా 4.8 అవుతుంది. 60 దగ్గరే కనీసం 7.5 టన్నుల స్లింగు కావాలి. ఒక్కోటి 10 టన్నులది తెచ్చుకోండి. కట్టిన రెండు చోట్ల మధ్య ఎంత దూరముందో హుక్ దాకా స్లింగు కాలు అంత పొడవుంటే 60 వచ్చినట్టే.

గ్రానైట్_లోడింగ్:
లెక్క సరే, తాడు దెబ్బతినేది మూల దగ్గర. రాతి అంచుకి నిలువునా కోసిన ఇనుప పైపు ముక్క పెట్టండి, గోనె పట్టా పనికిరాదు. బెల్టు స్లింగు ఆ అంచుకి తగలనే కూడదు.

చోకర్‌కి షాకిల్ (పిన్నుతో మూసే U ఆకారపు ఇనుప కొండీ) వాడితే పిన్ను స్లింగు కంటిలోకి, జారే తాడు షాకిల్ వంపులోకి రావాలి. తిరగేస్తే తాడు జారినప్పుడల్లా పిన్ను మర ఊడుతూ వస్తుంది.

తాడు మీద ఒక పేట పూర్తిగా ఒక చుట్టు తిరిగేంత పొడవులో 10 తీగలు తెగినా, ఒకే పేటలో 5 తెగినా పక్కన పడేయండి. మెలిక పడి నలిగితే లెక్కపెట్టే పనే లేదు. ముందు 10 సెంటీమీటర్లు లేపి ఆపండి. ఒరిగితే దించి మళ్లీ కట్టాలి.

చీమకుర్తి_యార్డు:
అన్నా, చెయిన్ స్లింగు ట్యాగు మీద 0–45, 45–60 అని రెండు అంకెలున్నాయి. 60 మంచిదన్నారుగా, రెండోదే చూడాలా?

రిగ్గర్_ముత్తుకూరు:
కాదండి. ట్యాగు మీది కోణం నిలువు గీత నుంచి కొలిచింది. నేను చెప్పిన 60 దాని లెక్కలో 30, కాబట్టి మొదటి అంకె చూడండి. చోకర్ వేస్తే అందులోనూ 20 శాతం కోత. ట్యాగు లెక్కలో 60 దాటితే అసలు ఎత్తకూడదు.